మీ ఇంటిపేరు ఏ ఊరు వదిలి వచ్చింది? మూలం వెతికే దారి, మొదటి నుంచి చివరి దాకా

గురజాడ అప్పారావు గారిది ఏ ఊరంటే విజయనగరం అంటాం. గురజాడ అనే ఊరు మాత్రం కృష్ణా జిల్లాలో ఉంది. ఆయన పూర్వీకులు అక్కడి నుంచి ఉత్తరాంధ్రకు తరలివెళ్లారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణి దగ్గర పుట్టారు, సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టారు, ఇంటిపేరు కాకర్ల. ఆ ఊరు కంభం వైపు ఉంది. గాయకుడు ఘంటసాల పుట్టింది కూడా ఘంటసాలలో కాదు, చౌటపల్లిలో.

ఇందులో వింతేమీ లేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు. గురజాడలో అందరూ గురజాడ వాళ్లే కదా. ఆ ఊరు వదిలి వేరే చోట కాపురం పెట్టాకే అక్కడివాళ్లు "ఆ గురజాడ వారు" అనడం మొదలుపెడతారు. అంటే ఊరి పేరు ఇంటిపేరైన చోట ఆ పేరు పెట్టింది మన తాతలు కాదు, వాళ్లకు కొత్తగా దొరికిన ఇరుగుపొరుగు. ఆ పేరు చెప్పేది మనం వదిలి వచ్చిన ఊరు. ఈ ఒక్క మాట గుర్తుంటే వెతుకులాట సగం తేలికవుతుంది. మీరు వెతకాల్సినవి రెండు ఊళ్లు: పేరులో ఉన్న ఊరు, ఆ పేరుతో పిలవడం మొదలైన ఊరు. ఆ రెంటి మధ్య దారి పట్టుకోవడమే అసలు పని.

మొదటి మెట్టు: ఇంట్లో అడగండి, అదీ ముందు ఆడవాళ్లను

కాగితాలు పదేళ్ల తర్వాతైనా దొరకవచ్చు, ఎనభై దాటిన మనిషి జ్ఞాపకం దొరకదు. అందుకే మొదలు ఇక్కడే పెట్టండి. నేను చేసిన తప్పు చెబుతాను. చాలాకాలం మా తాతనే అడుగుతూ వచ్చాను. "మనం ఎప్పటినుంచో ఇక్కడివాళ్లమే" అనేవాడు, అంతకు మించి ఏమీ రాలేదు. నాయనమ్మను అడిగిన రోజు మాత్రం కథ కదిలింది. తను పెళ్లయి వచ్చిన ఏడాదే ఎవరో ముసలాయన పోతే ఇంటిల్లిపాదీ పది రోజులు మైల పట్టారట. ఆయన ఎవరో తెలియదు, ఆయన ఊరు మాత్రం గుర్తుంది. మాకు నలభై మైళ్ల దూరం. ఆ ఊళ్లో మా ఇంటిపేరు వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కోడళ్లు బయటి నుంచి వస్తారు. అత్తింటి సంగతులన్నీ వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది, అందుకే గుర్తుంటాయి. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నవాళ్లకు అవి విశేషాలుగా తోచవు.

"మన మూలం ఏమిటి" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇలా అడగండి:

- ఎవరు పోతే మనకు మైల? ఎవరింట్లో బిడ్డ పుడితే మనకు పురుడు? ఈ జాబితాలో ఉన్నవాళ్లంతా దాయాదులు. ఇప్పుడు పలకరింపులు లేకపోయినా సరే, అది మీ వంశవృక్షమే.
- మన ఇలవేల్పు ఎవరు, గుడి ఏ ఊళ్లో? పిల్లల పుట్టు వెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు? దేవతగా కొలిచే మన ఇంటి ఆడమనిషి, అంటే పేరంటాలు, గద్దె ఎక్కడ?
- ఏ ఇంటిపేర్ల వాళ్లకు మనం పిల్లనివ్వం, ఎందుకని?
- మనం ఈ ఊరు వచ్చిన కొత్తలో ఎవరి ఇంట్లో దిగాం? ఎవరు చోటిచ్చారు?

రెండో ప్రశ్నను చిన్నచూపు చూడకండి. పొలం అమ్ముకుని వచ్చినవాళ్లు కూడా దేవుణ్ని అంత తేలిగ్గా వదలరు. నూటయాభై కిలోమీటర్ల అవతల ఉన్న చిన్న గుడికి మూడు నాలుగు తరాలుగా వెళ్తున్న కుటుంబం అంటే, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బతికి ఉండటానికి బలమైన అవకాశం ఉంది.

తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు నోటికి వస్తాయి. పెళ్లి ప్రవరలోనూ ఆ మూడు తరాలూ చదువుతారు. మీ ముత్తాత పెళ్లినాటి లగ్నపత్రిక ట్రంకుపెట్టెలో ఉంటే, ఒకేసారి ఆరు తరాల వెనక్కి వెళ్లినట్టే. మీ ఇంటి పురోహితుడి నోటుపుస్తకం కూడా అడిగి చూడండి.

రెండో మెట్టు: పేరును వ్యాకరణంతో విప్పండి

తెలుగు ఇంటిపేరు చాలావరకు "ఫలానా వారి" అనే అర్థంలో ఉంటుంది. అందుకే ఊరి పేరు ఉన్నది ఉన్నట్టు కాక కాస్త మారి కనిపిస్తుంది. ఊరు ఊరి అవుతుంది: కందుకూరు నుంచి కందుకూరి, టంగుటూరు నుంచి టంగుటూరి, నందమూరు నుంచి నందమూరి. పాడు పాటి అవుతుంది: చింతలపాడు వాళ్లు చింతలపాటి, వేములపాడు వాళ్లు వేములపాటి. ఏరు ఏటి అవుతుంది: పాలేరు ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు పాలేటి. కాబట్టి మీ పేరు చివర "పాటి" ఉంటే "పాటి" అనే ఊరు కోసం తిరగకండి, "పాడు"తో ముగిసే ఊరు వెతకండి. పల్లి, పూడి, పర్తి, కొండ, వాడ లాంటివి దాదాపు మారకుండానే ఉండిపోతాయి.

"నేని" వేరు. నాయుడు అనే అర్థంలో వాడిన "నేడు" అన్న గౌరవపదానికి అది "వారి" రూపం. రామినేడు వంశం రామినేని, అక్కినేడు వంశం అక్కినేని. ఈ పేర్లలో ఊరు ఉండదు, ఒక మనిషి ఉంటాడు. మీ వెతుకులాట ఊళ్ల జాబితాల వైపు కాక ఆ పేరున్న మూలపురుషుడి వైపు సాగాలి.

చదువును బట్టి వచ్చినవి ఉన్నాయి: వేదుల, భాగవతుల, ద్వివేదుల, శతావధానం. ఉద్యోగాన్ని బట్టి వచ్చినవి ఉన్నాయి: కరణం, దేశాయి, దేశ్‌పాండే, పట్వారి. తెలంగాణలో నీరటి అనే ఇంటిపేరు ఉంది. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే మనిషిని నీరటి అంటారు. ఊరంతటి పంటా ఆయన చేతిలో ఉండేది. అంత పెద్ద బాధ్యత ఒక చిన్న మాటలో నిలిచి ఉంది.

ఇక బెల్లం, ఉప్పు, మిరియాల, కత్తి, బండి, గడ్డం లాంటి పేర్లు. వీటికి ఎవరింట్లో వాళ్లకు ఒక కథ ఉంటుంది. ఆ కథ రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా రాసుకోండి, అంతటితో ఆగండి. వ్యాపారం వల్ల వచ్చిందా, ఎవరో పెట్టిన ఎగతాళి పేరా అన్నది ఒక్క మాటను చూసి తేల్చలేం. వినసొంపైన అర్థాలు కూడా మోసం చేస్తాయి. గురజాడ అంటే "గురువు జాడ" అని ఎవరైనా చెబితే నమ్మాలనిపిస్తుంది. ఊరు కళ్లెదుట ఉండగా ఆ అర్థంతో మనకు పనిలేదు.

మూడో మెట్టు: సరైన ఊరు ఏదో తేల్చుకోండి

ఒకే పేరుతో అయిదారు ఊళ్లు ఉండటం మన దగ్గర మామూలే. అల్లూరు అని వెతికితే ఒక జిల్లాతో ఆగదు. జనాభా లెక్కల గ్రామాల జాబితాలో జిల్లాలవారీగా ఊళ్ల పేర్లన్నీ దొరుకుతాయి. మీ పేరుకు సరిపోయేవన్నీ ఒక కాగితం మీద రాయండి. పక్కన మొదటి మెట్టులో తేలినవి పెట్టండి: ఇలవేల్పు గుడి, దాయాదుల ఊళ్లు, పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్లు. మ్యాప్ మీద చుక్కలు పెడితే ఒక వైపుకు మొగ్గు కనిపిస్తుంది.

ఊరు ఏ జాబితాలోనూ కనిపించకపోతే లేదనుకోకండి. రెవెన్యూ రికార్డుల్లో "బేచిరాగ్" గ్రామాలు ఉంటాయి. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టేవాళ్లు లేని ఊరు అని. మనుషులు లేరు, కానీ సర్వే నంబర్లు, ఊరి పేరు కాగితాల మీద బతికే ఉంటాయి. కరువుకో, గత్తరకో జనం లేచిపోయిన ఊళ్లు చాలావరకు ఇలాగే మిగిలాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్ కింద మునిగిన ఊళ్లు మరో రకం. వాటి సంగతి నిర్వాసితుల కాలనీల్లో అడిగితే తెలుస్తుంది.

పాత కాగితం వెతికేటప్పుడు ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని వెళితే పని జరగదు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. మండలాలు 1985లో వచ్చాయి, అంతకు ముందు తాలూకాలు. తెలంగాణ జిల్లాలు 2016లో, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో మళ్లీ మారాయి. మీకు కావలసిన ఏడాదిలో ఆ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది ముందు తెలుసుకుని వెళ్లండి. ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న అదే.

నాలుగో మెట్టు: కాగితాలు

ఓపిక ఎక్కువ కావాల్సిన మెట్టు ఇది. ఫలితం ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే.

ఇంట్లో ఉన్న దస్తావేజులతో మొదలుపెట్టండి. పారీఖత్తు, అంటే అన్నదమ్ముల భాగపంపకాల కాగితం, అన్నిటికన్నా విలువైనది. అందులో అందరి పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, ఎవరు ఏ ఊళ్లో కాపురం ఉంటున్నారో ఉంటుంది. "పూర్వం ఫలానా ఊరు, ప్రస్తుతం ఫలానా ఊరు కాపురస్తులు" అన్న వాక్యం ఒక్కటి దొరికితే చాలు, వలస జరిగిన కాలం తెలిసిపోతుంది. ఇంట్లో లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడగవచ్చు. ఆస్తి తగాదా కోర్టుకు వెళ్లి ఉంటే ఇంకా మంచిది. వారసత్వం దావాల్లో వంశవృక్షం దాఖలు చేస్తారు, తీర్పులోనూ రాస్తారు. అప్పట్లో ఇంటిని చీల్చిన గొడవే ఇప్పుడు మీకు ముత్తాతల పేర్లు ఇస్తుంది.

తర్వాత భూమి రికార్డులు. ఆంధ్రప్రదేశ్ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో కనిపించే అడంగల్, 1బి ఇప్పటి సంగతులు చెబుతాయి. మీకు కావాల్సింది సెటిల్‌మెంట్ నాటి, అంటే భూమి కొలిచి శిస్తు కట్టిన నాటి రిజిస్టర్. ఆంధ్ర వైపు తహసీల్దారు ఆఫీసుల్లో దాన్ని డైగ్లాట్ అనో ఆర్‌ఎస్‌ఆర్ అనో అంటారు. తెలంగాణ వైపు సేత్వార్, దాని తర్వాత 1954–55 ఖాస్రా పహాణీ. మీ సర్వే నంబరు ఎదురుగా అప్పటి పట్టాదారు పేరు, తండ్రి పేరు ఉంటాయి. ఆ ఊళ్లో మీ ఇంటిపేరు వాళ్లు ఎన్ని సర్వే నంబర్లలో ఉన్నారో లెక్కపెట్టండి. ఒకే ఒక్క నంబరు ఉంటే అప్పటికి కొత్తగా వచ్చినవాళ్లు కావచ్చు. ఊరి నడుమ ఇరవై నంబర్లు ఉంటే పాతకాపులే.

మీ పూర్వీకులకు ఇనాం భూమి, అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన భూమి, ఉండి ఉంటే 1860ల దాకా ఒకేసారి దూకవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఊరూరా తిరిగి ప్రతి ఇనాంనూ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాశారు. ఎవరు ఇచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అన్నవి అందులో గళ్లుగా ఉంటాయి. ఇది అగ్రహారాల వాళ్లకే అనుకోవద్దు. గుడి పూజారి, మంగలి, చాకలి, కుమ్మరి, తలారి, వెట్టి, ఇలా ఊరికి సేవ చేసిన చాలామందికి ఇనాం మాన్యాలు ఉండేవి.

పాత కాగితాల మీద ఏడాది ఫసలీలో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరంలో ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1270 అంటే 1860–61. 

ఎక్కడ దొరుకుతాయి? 1953 అక్టోబరు 1 వరకు కోస్తా, రాయలసీమ మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి పాత రికార్డు కొంత చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. నిజాం కాలపు రికార్డుకు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. కరణాలు, మునసబుల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు ఊరి లెక్కలు తాలూకా ఆఫీసులకు చేరాల్సింది. అన్నీ చేరలేదు. మీ ఊరి పాత కరణం గారి వారసులు ఎక్కడున్నారో కనుక్కుని మర్యాదగా ఒక ఫోన్ చేయండి. అటక మీద ఏముందో వాళ్లకే తెలిసి ఉండదు.

కాగితం దొరికాక చదవడం ఇంకో పని. కరణాలది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరాలన్నీ కలిపేస్తారు. మొదటి రోజు ఒక్క ముక్క అర్థం కాక టెన్షన్ పడతారు. తెలిసిన పేరు ఒకటి, మీ ఊరి పేరో చెరువు పేరో, ముందు గుర్తుపట్టండి. ఆ అక్షరాల ఆకారం పట్టుకుని మిగతావి చదవండి. వారం రోజుల్లో చేయి తిరుగుతుంది. తెలంగాణ కాగితాలు ఉర్దూలో ఉంటే పాత దస్తావేజులు చదివిపెట్టే మున్షీలు కోర్టుల దగ్గర, తహసీల్ ఆఫీసుల దగ్గర ఇప్పటికీ కొందరు ఉన్నారు.

ఊరి చరిత్ర కోసం కైఫియతులు చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ (1754–1821) దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, ఇంకా ఎందరో తెలుగువాళ్లు ఊళ్లు తిరిగి కరణాల నోట విన్నవి, వాళ్ల కవిలెల్లో, అంటే ఊరి లెక్కల కట్టల్లో, ఉన్నవి రాసి తెచ్చారు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. అవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి కూడా. మీ ఇంటిపేరు ఊరికి కైఫియతు ఉంటే ఆ ఊరు ఎప్పుడు పాడయింది, ఎవరు వచ్చి మళ్లీ కట్టారు అన్నది దొరకవచ్చు. మీవాళ్లు ఎందుకు కదిలారో అక్కడ తెలిసే వీలుంది.

జనాభా లెక్కల్లో తాతల పేర్లు దొరుకుతాయని ఆశపడకండి. మన దేశంలో మనుషులవారీ వివరాలు బయటపెట్టరు.

అయిదో మెట్టు: వంశాలు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి

కాగితం మీద పేరు ఎక్కని కుటుంబాలే మన దగ్గర ఎక్కువ. భూమి లేనివాళ్ల పేర్లు భూమి రికార్డుల్లో ఎలా ఉంటాయి? కానీ వాళ్ల వంశాలను నోటితో నిలబెట్టిన మనుషులు ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టిలు, గోండులకు తోటీలు. రెడ్లు, కాపుల్లాంటి కులాలకు పిచ్చుకుంట్లవారు. వాళ్లు ఇప్పుడు వంశరాజులమని చెప్పుకుంటారు, అలాగే పిలవండి. ఏడాదికో రెండేళ్లకో ఊరికి వచ్చి, పటం కట్టో పాట పాడో, ఇంటిపేర్లు, గోత్రాలు, పెద్దల పేర్లు వరసగా చెప్పి తమ హక్కుగా కట్నం తీసుకునేవారు. వాళ్లను అడుక్కునేవాళ్లుగా చూసి గుమ్మంలోంచే పంపేసిన ఇళ్లు ఎన్నో. మన తాతల పేర్లు మనకన్నా బాగా గుర్తుపెట్టుకున్న మనుషులను అలా పంపేశాం. నాకు దీని గురించి ఎప్పుడు తలచుకున్నా బాధగానే ఉంటుంది.

మీ కులానికి ఎవరు చెబుతారో, మీ ఊరు ఏ కుటుంబం వంతులో ఉందో ఊరి పెద్దల్ని అడగండి. ఇంటికి పిలిచి కూర్చోబెట్టి భోజనం పెట్టి, ఇవ్వాల్సిన కట్నం ఇచ్చి, అనుమతి తీసుకుని రికార్డు చేయండి. వాళ్లు చెప్పేదానిలో పురాణం ఉంటుంది, వరసలూ ఉంటాయి. పురాణాన్ని పురాణంగా రాసుకోండి. ఇంటిపేర్లు, ఊళ్ల జాబితాను వేరే కాగితం మీద రాసుకుని మూడో మెట్టులోని మ్యాప్‌తో పోల్చండి.

క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టర్లు మరో ఆధారం. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. గుంటూరు లూథరన్ మిషన్ 1842 నాటిది. ఇలాంటి పాత సంఘాల రిజిస్టర్లలో మనిషి పేరుతోపాటు ఊరి పేరు ఉంటే, ఇంకే కాగితం మీదా కనిపించని ముత్తాత అక్కడ కనిపించవచ్చు. పాస్టరు గారిని ముందుగా కలిసి అడగండి.

ఆరో మెట్టు: పేరు మారిన చోటు పట్టుకోండి

వెనక్కి వెళ్తుంటే ఒక తరం దగ్గర ఇంటిపేరు హఠాత్తుగా మారిపోతే దారి తప్పామనుకోకండి. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తత వెళ్లాక శ్రీరంగం వారయ్యారు. దత్తత, ఇల్లరికం, పెద్ద ఉద్యోగం, ఒకే ఊళ్లో ఒకే పేరున్న రెండిళ్లకు తేడా కోసం పెట్టిన కొత్త పేరు, ఇవన్నీ మార్పుకు కారణాలే. మైల పట్టే ఇళ్లలో వేరే ఇంటిపేరు వాళ్లు ఉన్నారంటే ఇలాంటిదేదో జరిగిందన్నమాట.

తమిళనాడులోని తెలుగువాళ్లలో చాలామందికి కాగితాల మీద తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు పెళ్లి సంబంధాల మాటల్లోనే బయటికి వస్తుంది. అక్కడివాళ్లయితే పెళ్లిళ్ల పెద్దమనిషిని అడగండి. దక్షిణాఫ్రికా, మారిషస్ తెలుగువాళ్లయితే కథ తిరగబడుతుంది. ఓడ దిగిన మనిషి సొంత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైన కుటుంబాలు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 వరకు వెళ్లినవాళ్ల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాశారు. మారిషస్ రికార్డు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఊరి పేరు అక్కడి గుమస్తా విన్నట్టు రాసి ఉంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసి కాక, గట్టిగా పైకి చదివి తెలుగు చెవితో వినండి.

ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉండటం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. పెట్టనక్కర్లేదు. ఒక ఊరు ఎండిపోతే అన్ని కులాలూ కదిలాయి, అందరినీ ఆ ఊరి పేరుతోనే పిలిచారు. ఇంటిపేరు చూసి రాజవంశమని రాసిచ్చేవాళ్లు డబ్బులకు దొరుకుతారు, వాళ్లను దగ్గరికి రానివ్వకండి.

చివరిగా: రాసిపెట్టే పద్ధతి

ఒక పెద్ద నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి సంగతి పక్కన మూడు రాయండి: ఎవరు చెప్పారు, ఏ తేదీన, కాగితమా మాటా. విన్నది, చూసినది వేరు వేరు రంగుల సిరాతో రాస్తే పదేళ్ల తర్వాత చదివేవాళ్లకు గందరగోళం ఉండదు. కోడళ్ల పేర్ల పక్కన పుట్టింటి పేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. మన వంశవృక్షాల్లో ఎక్కువగా తప్పిపోయేది వాళ్లే. తెలియని చోట గీత గీసి వదిలేయండి, ఊహతో నింపవద్దు. దస్తావేజులు ఫోటో తీసేటప్పుడు వెనక పేజీ కూడా తీయండి. స్టాంపు అమ్మినవాడి సంతకం, తేదీ, ఊరు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

నకళ్లు రెండు చేసి ఒకటి ఆ మైల జాబితాలోని దూరపు దాయాదులకు పంపండి. మాకు అలా పంపిన నెలకు ఆ నలభై మైళ్ల అవతలి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మేం గీత గీసి వదిలేసిన చోట రాయాల్సిన పేరు వాళ్ల దగ్గర ఉంది.